పని బట్టల దుమ్ము

చిట్టితల్లి సాధనకు అమ్మ ముద్దులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. మీ నాయన మటుకు క్షేమమే. కాన్వెంటులో నువ్వూ, నీతో సిస్టర్లు కావడానికి చేరిన పిల్లలూ ప్రభువు దయలో చల్లగా ఉండాలి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాయన మోకాలు నయమైంది, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణానికి మళ్లీ కాపలాకు పోతున్నాడు. చిన్నమ్మ కూతురు స్వప్నకు ఆడపిల్ల పుట్టింది, అచ్చం నీ ముక్కే. నా పండ్ల బండి మానేశాను. ఎందుకో కింద రాస్తాను.

పోయిన ఆదివారం బాలకృష్ణ సారు వచ్చాడు. రేకుల ఫ్యాక్టరీలో మీ నాయన మీద సూపర్‌వైజర్‌గా చేసినవాడే. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో నాలుగంతస్తుల మేడ. దాని మీద ఒక్క సిమెంటు రేకు ఉండదు. నేను పండ్లమ్మిన దాన్నని తెలిసీ వడలిన బత్తాయిలు తెచ్చాడు. ఆ సంచిలోనే మనిషి విలువ కనబడింది.

పాత పనివాళ్లంతా ఛాతీ పరీక్షలు చేయించమని ఫ్యాక్టరీని అడుగుతున్నారు. మీ నాయన వాళ్లతో కలవకూడదని చెప్పడానికే వచ్చాడు సారు. రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ వట్టి నారేనట, చెడ్డదైతే సర్కారు ఊరుకునేదా అట. ఆ రోజుల్లో ముక్కుకు కట్టుకోను గుడ్డ అడిగితే, పెళ్లికూతుళ్లా మీరు అని నవ్విన నోరే అది. మీ నాయన ఎప్పటిలాగే తల వంచుకుని విన్నాడు.

"కొమరయ్యా, నువ్వు గట్టిగనే ఉన్నవ్ కదా. గా దుమ్ముల నిలబడ్డ నీకే ఏం కాకుంటే ఇంకెవ్వరికైతది?" అన్నాడు ఆ పెద్దమనిషి.

"నాకైంది సారూ. ఆయన పని బట్టలు దులిపి పిండింది నేనే," అన్నాను.

తల్లీ, ఇన్నాళ్లూ నీకు రాయనిది ఇదే. నా ఊపిరితిత్తుల మీది పొరకు క్యాన్సర్. నీరు చేరి ఆయాసమొస్తే మొదట టీబీ అన్నారు. ఆ మాత్రలన్నీ మింగినా తగ్గలేదు. పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్షించాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ నార కంటికి కనబడని సూదుల్లాంటిదట. పీలిస్తే లోపలే ఉండిపోయి, ముప్పై నలభై ఏళ్లకు కూడా బయటపడుతుందట. ఫ్యాక్టరీ గడప తొక్కనివాళ్లకూ బట్టల మీది దుమ్ముతో రావచ్చట. అంటుకునే జబ్బు కాదు. పూర్తిగా పోయేదీ కాదు, మందు ఎక్కిస్తే కొంతకాలం నెమ్మదిస్తుంది. ఎక్కించుకుంటున్నాను. నువ్వు పుట్టేనాటికే నాయన ఆ పని మానేశాడు, నీ గురించి దిగులు పడకు.

నా మాట విని కూడా బాలకృష్ణ, పొయ్యి పొగ అయి ఉంటుందని గొణిగాడు. సిగ్గు కూడా ఒక చదువే, అది అతనికి అబ్బలేదు. అప్పుడు మీ నాయన లేచి బత్తాయిల సంచి తీసి అతని చేతిలో పెట్టాడు.

"పో సార్. రేపు అందరికంటే ముందుగాల నా పేరే రాపిస్త," అన్నాడు.

ఆ మనిషికి మీ నాయన ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. తెల్లవారి అన్నట్టే వెళ్లి, పరీక్షలు అడిగే పనివాళ్ల జాబితాలో తన పేరు, దాని కింద నా పేరు రాయించి వచ్చాడు.

బాలకృష్ణ కోసం కూడా ప్రార్థించమని నువ్వు రాస్తావు, నాకు తెలుసు. ఆ పని నువ్వే చెయ్యి తల్లీ. నాకు మిగిలిన ఊపిరి వాడి మీద ఖర్చు పెట్టను.

ఇట్లు,
నీ అమ్మ
కిష్టమ్మ