నాలుగో ఎర్ర గుర్తు

లంకలపాడు,
నవంబరు 4.

పెద్దలు నబీ గారికి,

లంకలపాడు కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరైన బాలశౌరి నమస్కరించి రాసుకునే సంగతి. ‘ఇక్కడ అంతా క్షేమం’ అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆ మాట రాసే ముందు కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

1983లో మా ఊరికి మొదటిసారి బస్సు వచ్చిన రోజు మీరు విజయవాడ నుంచి వచ్చి, ఆ బస్సు ముందు ఇరవైముగ్గురిని నిలబెట్టి ఫోటో తీశారు. అది మా ఇంటి గోడమీదే ఉంది. అందులో నేను కళ్ళు ఇంతింత చేసుకుని ధైర్యంగా నిలబడి ఉంటాను. ఊరంతా ఒప్పుకునే మాటే ఇది.

మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ సుస్మిత గారు ఊళ్ళోని పాత ఫోటోలన్నీ పోగేసి డిసెంబరు పదిన ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మాదీ ఇద్దామని, దుమ్ము తుడవడానికి మొన్న ఫ్రేము విప్పాను. ఫోటో వెనక ఎర్ర పెన్సిలుతో నాలుగు ఇంటూ మార్కులు ఉన్నాయి. కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో మనిషి తలకు సరిగ్గా వెనకే ఉంది. నాలుగోది నా తల.

ఇవి ఎవరు పెట్టారో చెబితే మనసు కుదుటపడుతుంది. ఎందుకు పెట్టారని అడగడానికి మాత్రం నోరు రావడం లేదు.

ఇట్లు, విధేయుడు
బాలశౌరి

తా.క.: మీకు ఫోన్లో వినపడదని మీ అమ్మాయి ముబీనా చెప్పింది. ఇది అరిచి చెప్పే సంగతి కూడా కాదు. జవాబు పోస్టాఫీసుకు రాయండి, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. నా భార్య సంపూర్ణమ్మ బాగా భయస్తురాలు.

విజయవాడ,
నవంబరు 9.

బాలశౌరి గారికి నబీ సలాములు.

మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత ఫోటో వెనక గీతలున్నాయని ఫిర్యాదా? ముందువైపు ఏమైనా లోపం ఉంటే చెప్పండి!

అవి నా చేత్తో పెట్టినవే. ప్రింటు ఆరాక భూతద్దంతో ఇరవైముగ్గురి ముఖాలూ చూసి, ఎవరెవరో తేల్చుకున్నాకే పెట్టాను. నాలుగింటిలో ఒక్కటి కూడా పొరపాటు కాదు. ఆ రోజుల్లో ప్రతి గ్రూపు ఫోటోకూ పెట్టేవాణ్ణి. పెళ్ళిళ్ళలో అయితే మరీ ఎక్కువమందికి పడేవి.

మీ శ్రేయోభిలాషి,
నబీ

తా.క.: మా ఆవిడ కుల్సుంకు నేను తీసిన మొట్టమొదటి ఫోటో వెనక కూడా ఒకటి పెట్టాను. ఇవాళ్టిదాకా ఆమెకు చెప్పలేదు.

లంకలపాడు,
నవంబరు 14.

నబీ గారికి,

బాలశౌరి నమస్కారాలు.

సొంత భార్యకు కూడానా! మీ గుండె ఎంత రాయండీ!

మొదటి గుర్తు దర్జీ హబీబ్‌ది. కుట్టు మధ్యలో వదిలేసి మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు ఆ రోజు. రెండోది కిరాణా కొట్టు వెంకటకృష్ణారావు గారిది. బస్సుకు కొట్టిన కొబ్బరికాయ చిప్ప ఆయన చేతిలోనే ఉంది. మూడోది పోస్టుమాన్ డేనియల్. బస్సొస్తే తన సైకిల్‌కు విలువ పోతుందని మూతి ముడుచుకుని నిలబడ్డాడు. ఈ ముగ్గురూ సరిగ్గా అదే వరసలో, ఎడమ నుంచి కుడికి, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. డేనియల్ అయితే మరీ హఠాత్తుగా పోయాడు, తొంభై మూడో ఏట.

ఇంతకంటే విడమరిచి రాయలేను. ఒక్క సాయం చేయండి. నా గుర్తు రబ్బరుతో చెరిపేయవచ్చా? కుదరకపోతే నా వెనకాల తల దూర్చిన గేదె మీదకు మార్చే వీలుందా?

ఇట్లు,
బాలశౌరి

తా.క.: ఆ గేదె మాది కాదు, కాబట్టి ఇంట్లో అభ్యంతరం ఉండదు.

విజయవాడ,
నవంబరు 19.

బాలశౌరి గారికి నబీ సలాములు.

ముగ్గురూ పోయారని తెలిసి బాధ కలిగింది. దర్జీ హబీబ్ ఆ రోజు నాకు సేమ్యా పెట్టించాడు.

గుర్తును నిక్షేపంగా చెరుపుకోండి. కానీ పెన్సిలు గీత పోయినంత మాత్రాన అసలు సంగతి పోతుందా? ఆ ముగ్గురివీ కాస్త కాస్తే. మీదే పూర్తిగా. ఎంత మంది ముఖాలు చూశానో గానీ, అంత పూర్తిగా మరొకరిది చూడలేదు. గేదె మీదకు ఎలా మారుస్తానండీ? దానికి ఏ లోపమూ లేదు. ఆ ఫోటోలో మీకంటే అదే నయం.

మీ
నబీ

తా.క.: నాకు చూపు ఆనక ఈ పని మానేశాను. ఇప్పుడు మా ముబీనా కంప్యూటర్లో చేస్తోంది. రోజుకు యాభై మందిని అవలీలగా చేసేస్తుంది.

లంకలపాడు,
నవంబరు 25.

నబీ గారికి,

నమస్కారం. రోజుకు యాభై మందా!

ఇక దాపరికం ఎందుకు? నేను చచ్చిపోతానని భయంగా ఉంది నబీ గారూ. ఎవరితోనూ అనలేక మీతోనే అంటున్నాను. వరదొచ్చినప్పుడు లాకు తలుపుల మీద నడిచిన మనిషిని నేను. ఇప్పుడు కొబ్బరిమట్ట రాలిన చప్పుడుకు మంచం దిగుతున్నాను. చుట్ట మానేశాను. గడప దాటడం మానేశాను. ఫోటో కనపడటం లేదని సుస్మిత గారికి అబద్ధం చెప్పాను. దాన్ని బయట పెడితే ఊరంతా నా వంక ఎలా చూస్తుందో తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

నాకు ఇంకా ఎన్నాళ్ళుందో, ఆ ఒక్క ముక్క రాయండి. తట్టుకుంటాను.

ఇట్లు, ఇంకా మీ
బాలశౌరి

తా.క.: జవాబు ఈసారి ఇంటికే రాయండి. పోస్టాఫీసుకు వెళ్ళాలంటే బస్సు రోడ్డు దాటాలి.

విజయవాడ,
నవంబరు 30.

బాలశౌరి గారికి నబీ వేల సలాములు.

అయ్యో, ఎంత పని జరిగింది! నేను ఒకటి రాస్తుంటే మీరు ఇంకోటి చదువుకున్నారా?

ఆ గుర్తులకు చావుతో సంబంధం లేదండీ. ఆ రోజు నేను బటన్ నొక్కే క్షణానికే డ్రైవరు హారన్ కొట్టాడు. నలుగురు రెప్ప వేశారు. ఫిల్ము అపురూపమైన రోజులు, ఇంకోటి తీయలేను. అందుకని రెప్ప పడ్డవాళ్ళకు వెనక గుర్తు పెట్టుకుని, ప్రింటు మీద సన్న కుంచెతో కళ్ళు గీసేవాళ్ళం. ఆ ముగ్గురివీ సగం తెరిచే ఉన్నాయి. మీరైతే రెండూ గట్టిగా బిగించేశారు. మీ కళ్ళు ఎలా ఉంటాయో తెలియక, మీ పక్కనున్న పెద్ద మీసాలాయన కళ్ళు చూసి అవే మీకు దించాను.

గుర్తు లేని పందొమ్మిది మందిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చూసుకోండి. గేదెను కూడా కలుపుకుని. నెగటివు నా బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉంది. నిశ్చింతగా చుట్ట కాల్చుకోండి.

మీ
నబీ

తా.క.: పోస్టు చేయబోతూ బల్ల మీద పెడితే కుల్సుం ఇది చదివేసింది. యాభై రెండేళ్ళుగా తన కళ్ళే అనుకుంటోంది పాపం. ఇప్పుడు నాకు భయంగా ఉంది.

లంకలపాడు,
డిసెంబరు 4.

నబీ అన్నగారికి,

బాలశౌరి గారి భార్య సంపూర్ణమ్మ నమస్కారాలు. మీ ఉత్తరం పోస్టుమాన్ నా చేతికిచ్చాడు. ఈయన గడప దాటరు, అన్నం తినరు, అడిగితే చెప్పరు. అందుకే విప్పాను, తప్పయితే క్షమించండి. దిండు కింద మిగతావీ దొరికాయి.

ఆ పెద్ద మీసాలాయన మా నాన్న ఇశ్రాయేలు. పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ ఫోటో తుడిచినప్పుడల్లా ఈయన ముఖంలో మా నాన్న ఎందుకు కనపడతాడో తెలిసేది కాదు. నిన్న తెలిసింది. చాలాసేపు ఏడ్చాను, సంతోషంగానే.

మీరు చూడనిది ఇంకొకటుంది. ఆ రోజు నేను విజయవాడలో నర్సు ట్రైనింగు నుంచి సెలవుకు వస్తూ ఆ బస్సులోనే ఉన్నాను. మీరు అందరినీ ముందు నుంచి చూశారు, నేను వాళ్ళ వెనక నుంచి, బస్సు ముందద్దంలోంచి చూశాను. హారన్ మోగగానే ఈయన మా నాన్న చొక్కా వెనక గుప్పిట్లో పట్టుకున్నారు. మా నాన్న కదలకుండా తన చెయ్యి వెనక్కు పెట్టి ఆ గుప్పిటను పట్టుకున్నాడు. మరుసటేడు సంబంధం మాటొచ్చినప్పుడు, “ధైర్యవంతుడే అమ్మా, ఫోటో చూడు” అన్నాడు నాన్న నవ్వకుండా. నేను ఫోటో చూసి ఒప్పుకోలేదు. భయం వేస్తే పక్కవాళ్ళను వదలకుండా పట్టుకునే మనిషి అని ఒప్పుకున్నాను. ఈ నెల రోజులుగా నా చెయ్యి పట్టుకునే నిద్రపోతున్నారు.

ఆ నెగటివు నుంచి ఈయన రెప్పలు బిగించిన ఫోటో ఒకటి పంపండి. పదో తేదీన రెండూ పక్కపక్కనే పెట్టించి, ఈయన్ని నేనే వెంటబెట్టుకెళ్ళి చూపిస్తాను.

ఇట్లు, మీ చెల్లెలు
సంపూర్ణమ్మ

తా.క.: మీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను, ఆయనకు ఇంకా చూపించలేదు. డాక్టరూ నేనూ ముప్పై ఏళ్ళు మొత్తుకున్నా మానని చుట్టను మీ ఎర్ర పెన్సిలు మాన్పించింది. వీలుంటే కొత్త ఫోటో వెనక కూడా ఒకటి పెట్టి పంపండి.