కుందుజ్‌లో నన్ను చూడలేదట

నూర్జాత్ తల్లికి అమ్మ దీవెనలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, మీ నాన్న ఆరోగ్యానికీ ఏ లోటూ లేదు. ఆ చలి ఊళ్లో నువ్వూ అల్లుడూ పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

దగ్గు తగ్గిందా, డాక్టరు దగ్గరికి వెళ్లావా అని అడిగావు. వెళ్లాను. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయట, ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున శానిటోరియంలో కొన్నాళ్లు ఉంటే నయమన్నాడు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. చిన్నదానికి ఉన్ని మేజోళ్లు అల్లుతున్నాను, పాదం కొలత పంపు.

కొత్త చట్టంతో నాన్న పింఛను ఏమైనా పెరిగిందా అనీ రాశావు. ఆయనకు రావలసినవన్నీ ఎప్పుడో వచ్చాయి. ఈసారి చట్టం తుపాకీ పట్టనివాళ్ల కోసం. అఫ్గానిస్తాన్‌లో సైన్యం వెంట ఉన్న వంటవాళ్లు, నర్సులు, బట్టలు ఉతికినవాళ్లు కూడా ఇకనుంచి మాజీ సైనికులతో సమానమట. మందులు, శానిటోరియం అన్నీ ఇస్తారట. అంటే నాకూ ఇస్తారు.

అవును తల్లీ, నేనూ వెళ్లాను. పెళ్లికి ముందు ఫ్రుంజె పట్నంలో బట్టల మిల్లులో పనిచేశానని నీకు చెప్పింది నిజం కాదు. కుందుజ్‌లో మన సైన్యం ఆసుపత్రిలో గాయపడ్డవాళ్ల దుప్పట్లూ చొక్కాలూ ఉతికేదాన్ని. ఆ బ్లీచింగ్ పొడి ఘాటే ఇప్పుడు దగ్గుగా తేలింది. మీ నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. కాలికి బాంబు ఇనపముక్క తగిలి అక్కడికే వచ్చారు. నన్ను చూసింది అక్కడే, పెళ్లి చేసుకుంటానన్నదీ అక్కడే. ఒకటే షరతు పెట్టారు. "అక్కడికి పోయొచ్చిన ఆడవాళ్ల గురించి ఊళ్లో ఏం కూస్తారో నీకు తెలుసుగా. మిల్లు అని చెబుదాం." సరేనన్నాను. అందుకే ప్రతి ఫిబ్రవరిలో, సైన్యం తిరిగొచ్చిన రోజున, ఆయన స్నేహితులు మనింటికి వస్తే నేను వంటింట్లోనే ఉండేదాన్ని.

నేను అక్కడ పనిచేసిన కాగితాలు ఏ ఊళ్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. కాగితాలు లేకపోతే అప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఇద్దరు సాక్ష్యం చెబితే చాలని పింఛను ఆఫీసులో అన్నారు. నారిన్ నుంచి జూరా వచ్చింది. ఆమె కుందుజ్ ఆసుపత్రిలో నర్సు. రెండో సాక్షి మీ నాన్న. ఇంట్లో ఒప్పుకున్నారు, సూటు కూడా ఇస్త్రీ చేయించుకున్నారు. తీరా ఆఫీసు లోపలికి వెళితే కమిటీలో ఒక కుర్చీలో మీ నాన్న స్నేహితుడు, వాళ్ల మాజీ సైనికుల సంఘం పెద్ద కెల్దిబెక్ కూర్చుని ఉన్నాడు. మీ నాన్న ముఖం మారిపోయింది. ఈమెను కుందుజ్‌లో చూశారా అని కమిటీవాళ్లు ఆయన్ని అడిగారు.

"ఈమె నా భార్య. అక్కడ మాత్రం నేను చూడలేదు" అన్నారు.

జూరా నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఇంటికొచ్చే బస్సులో మీ నాన్న, నలుగురిలో తలెత్తుకు తిరగాలి కదా అని ఏదో చెప్పుకొచ్చారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తరవాతి వారమే ఫిబ్రవరిలో సైన్యం తిరిగొచ్చిన ఆ రోజు వచ్చింది. ఎప్పటిలాగే మాంసం వండాను, బోర్సోక్ రొట్టెముక్కలు వేయించాను. వాళ్లు తాగే మూడో గ్లాసు యుద్ధంలో చచ్చిపోయినవాళ్లది. అందరూ లేచి నిలబడతారు, మాట్లాడరు, గ్లాసులు తాకించరు. ఆ నిశ్శబ్దం వంటింట్లోకి వినబడింది. నేను ఒక గ్లాసు తీసుకుని వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను.

కూర్చున్నాక కెల్దిబెక్ నెమ్మదిగా అడిగాడు. "ఎవరి కోసం, వదినా?"

"వాల్యా కోసం. నా పక్క తొట్టిలో ఉతికేది. ఫిరంగి గుండు మా డేరా మీదే పడింది. నేను బట్టలు ఆరెయ్యడానికి బయటికొచ్చాను, అది రాలేదు."

ఎవరూ తినలేదు. కెల్దిబెక్ మీ నాన్న వైపు తిరిగాడు. "జుమదిల్, నీకు తెలుసా ఇది?"

ఆయన, "తెలుసు" అన్నారు.

సోమవారం ఆమెను తీసుకురా, నీ సాక్ష్యం మళ్లీ రాయిద్దాం అని కెల్దిబెక్ చెప్పి వెళ్లాడు. సోమవారం మీ నాన్న సూటు వేసుకున్నారు, పతకాలు పెట్టుకున్నారు, నాకంటే ముందే గేటు దగ్గర నిలబడ్డారు. ఆ తరవాత జరిగింది నీకు చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఇంత దూరం రాశాను. ఆ సాక్ష్యం ఇప్పించుకుంటే నా పని అయిపోయేది. శానిటోరియానికి ఈ పాటికి వెళ్లి ఉండేదాన్ని. నేనే వద్దన్నాను.

"మీరు రావద్దు. స్నేహితుల ముందు ఒప్పుకోక తప్పలేదు కాబట్టి వస్తున్నారు. అలాంటి సాక్ష్యం నాకొద్దు" అన్నాను.

ఆయన గేటు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను సంచి తీసుకుని నారిన్ బస్సెక్కాను. ఇప్పుడు జూరా ఇంట్లో ఉన్నాను. ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఇంకొకరి కోసం ఇద్దరం వెతుకుతున్నాం. దొరికితే సరే, దొరక్కపోయినా సరే.

మీ నాన్న ఫోన్ చేస్తే మాట్లాడు, అన్నం తిన్నారో లేదో కనుక్కో. నన్ను వెనక్కి వెళ్లమని మాత్రం అడక్కు.

ఇట్లు,
కుందుజ్‌లో బట్టలు ఉతికిన
మీ అమ్మ,
సైరగుల్