గాలి చొరని తలుపు

జూన్ 3, సోమవారం

రేపల్లె రొయ్యల షెడ్డుకి ఇవాళ కొత్త తలుపు పెట్టారు. పాత రేకు షట్టర్ తీసేశారు. దీనికి రెండు రేకుల మధ్య మందంగా ఫోమ్ ఉంది. ఆర్ నెంబరు పదహారు అన్నాడు తెనాలి నుంచి వచ్చిన ఫిట్టింగ్ అబ్బాయి. నెంబరు పెరిగేకొద్దీ బయటి వేడి లోపలికి తక్కువ వస్తుందట, కరెంటు మిగులుతుందట. చుట్టూ నల్ల రబ్బరు పట్టీ. పైనుంచి కిందికి దించి మూస్తే వెలుగు గీత కూడా పడదు.

నాతోపాటు తొక్క తీసే ఆడవాళ్లందరూ చల్లగా, హాయిగా ఉందన్నారు. నేను ఎక్కడన్నా సందుందేమోనని పట్టీ చుట్టూ తడిమి చూశాను.

జూన్ 4

మా అబ్బాయి ప్రకాశం బాపట్లలో కార్ల షెడ్డులో పోయాడు. వాన జల్లు కొడుతోందని షట్టర్ దించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పని చేసుకున్నాడు. ఇంజన్ పొగలో ఉండే విషపు గాలికి వాసన ఉండదట. నిద్రపోయినట్టే ఉన్నాడు నా బిడ్డ.

ఇక్కడా అంతే. సరుకు బండి లోపలికొచ్చి ఇంజన్ ఆపకుండా నిలబడుతుంది, బాక్సు చల్లగా ఉండాలని. పాత షట్టర్‌కి సందులన్నా ఉండేవి. నా కూతురు ఉషశ్రీ బల్ల ఆ బండి పక్కనే.

జూన్ 6

ఫిట్టింగ్ అబ్బాయి మళ్లీ వస్తే అడిగాను. "బాబూ, ఆ పదహారు గాలిక్కూడానా?"

కాదన్నాడు. అది వేడి లెక్క మాత్రమేనట. పొగ లాగడానికి ఫ్యాను వేరే పెట్టించాలట. ఓనరు గారు తర్వాత చూద్దామన్నారట.

జూన్ 7

తలుపు కింద నా చెప్పు అడ్డం పెట్టాను. సూపర్‌వైజర్ పవన్ కుమార్ కాలితో నెట్టేశాడు.

"ఏంటి పిన్నీ, నీ చెప్పుకి కూడా ఏసీ కావాలా?"

అందరూ నవ్వారు. ఉష నవ్వలేదు. అన్న సంగతి ఇక్కడ ఎత్తొద్దని బస్సులో కోప్పడింది.

జూన్ 9, ఆదివారం

ప్రకాశం కనబడతాడని గుడిలో ప్రార్థనకి కళ్లు మూసుకోలేకపోయాను.

జూన్ 11

ఉషకి తలనొప్పి. పక్క బల్ల పుష్పలత వాంతి చేసుకుంది. టిఫిన్ మానేస్తే అంతేనన్నాడు పవన్. ప్రకాశం ఆఖరిసారి ఫోన్లో తలనొప్పి అనే అన్నాడు.

జూన్ 12

తలుపు దిగుతుంటే దాని కింద కూర్చున్నాను.

నెత్తి మీద జానెడు ఎత్తులో ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. పవన్ లెమ్మన్నాడు. "ఇంజన్ ఆపించయ్యా, లేస్తాను" అన్నాను. ఆపించాడు. అయినా లేవలేకపోయాను.

ఉష వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరికీ వీపు మీద ఎండ, ముఖం మీద చలి.

రేపు కూడా బండి వస్తుంది.