తంబురా వెనుక నుంచి కంకర ట్రేలోకి

రేడియో కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నన్ను సంగీత విభాగం నుంచి తొలగించుటకు బదులు నాటక విభాగమునకు మార్చుట గురించి.

నేను తమ కేంద్రంలో తంబురా మీటు ఉద్యోగినిని, పట్టభద్రురాలిని. శనివారం సాయంత్రం ప్రసారమైన నాటకం విషయమై తాము పంపిన మెమో అందినది. నా సంజాయిషీ, దానితోపాటు నా కష్టం, ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. గాయకుల వెనుక కదలకుండా కూర్చొనుట నా విధి. కచేరీ సాగినంతసేపూ దగ్గరాదు, తుమ్మరాదు, కాలు తిమ్మిరెక్కినా బాసింపట్టు విప్పరాదు. నేనేమో కుదురు లేని మనిషిని. ఆ రోజు ప్రకటన చదివే వేళ గాయకురాలు మైకు ఆపించి, "ఏమ్మా, చీమలపుట్ట మీద గానీ కూర్చున్నావా? నా గొంతుకన్నా ముందు నీ చీర గరగర వినబడుతోంది" అనిరి.

2. కచేరీ ముగియగానే పక్క స్టూడియోలో నాటకం, అదీ ప్రత్యక్ష ప్రసారమే. నాటకాలకు చప్పుళ్ళు చేసే పెద్దాయనకు (అందరమూ బాబాయి అంటాము) ఆ పూట జ్వరం. ప్రయోక్త గారు వరండాలోకి పరుగున వచ్చి, "తల్లీ, నీ కాళ్ళెలాగూ ఊరుకోవు. కాస్త ఆ కంకర ట్రేలో నడిచి అడుగుల చప్పుడు చేసిపెట్టు, నీకు పుణ్యముంటుంది" అనగా వెళ్ళితిని. నాయంతట నేను పోలేదని గమనింప ప్రార్థన.

3. ఆఖరి రంగంలో కోడలు ఇల్లు విడిచి బయలుదేరి, గేటు దాకా పోయి, ఆగి, వెనుదిరగవలెను. "నాలుగు అడుగులు, నిశ్శబ్దం" అని నాటక ప్రతిలో ఉన్నది. నాలుగూ వేసితిని. ఆగుటకు కాలు రాలేదు. ఐదోది పడింది. తర్వాత ట్రే దిగి, చెక్క నేల మీద టకటకా నడిచి, స్టూడియో తలుపు తీసుకుని వెళ్ళిపోయాను సార్. మైకు దగ్గర కోడలి పాత్ర చదివే ఆవిడ, పాపం, "నేనెక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉంటాను" అంటూనే ఉంది. ఆ మాట వెనకే తలుపు ధడాలున పడిన చప్పుడు ప్రసారమైనది. మెమోలో "బాధ్యతారాహిత్యం" అని వ్రాసినారు. అది కాదండీ. ఇన్నాళ్ళూ ముడుచుకుని ఉన్న మోకాళ్ళు, అంతే.

4. ఈ పని పోయినచో నాకు గడప దాటే దారి లేదు. ఇంట్లో పెత్తనం మా అన్నయ్యది. "కూర్చుని చేసే పని గనక సరేనన్నా. ఇది మానితే ఇంకోటి లేదు" అని మొదటిరోజే తెగేసి చెప్పాడు.

కావున బాబాయి చేతి కింద నడకలు, పరుగులు, మెట్లెక్కుట, తలుపులు వేయుట వంటి పనులకు నన్ను నియమింపవలెనని వేడుకొనుచున్నాను. కుర్చీ అక్కరలేదు. ఈ కాళ్ళ మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తంబురా అమ్మాయి

తా.క.: ఆ నాటకం మా అన్నయ్య ఇంట్లో విన్నాడు. నేను వెళ్ళేసరికి, "నోటితో ఉంటానంటూనే కాళ్ళతో వెళ్ళిపోయింది చూశావా, భలే పిల్ల!" అని వదినతో ఒకటే మెచ్చుకోలు. వదిన నా చెప్పులకంటిన కంకర దుమ్ము చూసి, వాటిని గుమ్మం పక్కకు తోసింది. ఆ నడక నాదని నేను అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. తమ ఉత్తర్వు వస్తే అది చేతికిచ్చి చెబుతాను. రాకపోయినా చెబుతాను సార్. కాకపోతే అప్పుడు, పెట్టె సర్దుకున్నాక చెబుతాను.