డూలాలీ

2020 ఏప్రిల్ 6, మిర్దిఫ్, దుబాయ్
విమానాలు ఆగి రెండో వారం. వాల్టర్ గారు పొద్దున్నే బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఇంగ్లండ్ వెళ్లాలట. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చూసుకునేది నేనొక్కదాన్నే. మేడం, అంటే ఆయన కూతురు, ఎవరికో ఫోన్‌లో డాడీ డూలాలీ అయిపోయారని చెప్పి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అదే రోజు, మధ్యాహ్నం
డూలాలీ అంటే ఏమిటని ఆయన్నే అడిగాను. కాసేపు మతి నిలకడగానే ఉంది. అది మన ఊరట! బొంబాయి అవతల దేవ్‌లాలీ. డ్యూటీ అయిపోయిన తెల్ల సిపాయిలు ఓడ కోసం అక్కడ నెలల తరబడి పడిగాపులు కాసేవారట. పని లేదు, ఎండ, ఇంటి బెంగ. కొందరికి మతి చెడేది. వాళ్ల నాన్న కూడా అక్కడే ఎదురుచూశారట. రానురాను జనం ఓడని మర్చిపోయారు, ఎదురుచూపునీ మర్చిపోయారు. ఆ మాటలో పిచ్చి ఒక్కటే మిగిలింది.
ఇంగ్లీషులోకి పోయిన ఇలాంటి మాటలు ఆయన దగ్గర బోలెడు. వాళ్ల డెక్కో అంటే మన హిందీ దేఖోనే. పక్కాని కూడా ఎత్తుకుపోయారు, దొంగలు.
మేడం మీద మాత్రం ఒళ్లు మండుతోంది.

ఏప్రిల్ 19
కరామాలో నా పాత బెడ్‌స్పేస్ గదిలో పక్క మంచం నేస్తం మాణిక్యాంబ ఫోన్ చేసింది. మీ ముసలాయనకి పిచ్చంట కదే, వచ్చేయవే బాబూ అంది. పిచ్చి కాదే, ఓడ రాలేదు అన్నాను. నాకూ ఎక్కిందనుకుని పెట్టేసింది.

మే 2
ఆయన అన్నం ముట్టలేదు. బూట్లు విప్పనివ్వలేదు.

జూన్ 11
ఇంగ్లండ్‌కి టికెట్లు దొరికాయి. మేడం దగ్గరుండి తీసుకెళ్తుంది, అక్కడే ఉండిపోతారు. నా వీసా షార్జాలో వేరే ఇంటికి మారుస్తారట. దానికి ఏడవలేదు. ఆయన లేకుండా ఎలా తెల్లారుతుందా అని ఏడ్చాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఫ్లైట్ కేన్సిలైతే బాగుండు అనిపించింది.

జూన్ 14
ఎయిర్‌పోర్ట్ గుమ్మం దాకా వెళ్లాను. లోపలికి ప్రయాణికులనే రానిస్తున్నారు. ఆయన వీల్‌చెయిర్‌లోంచి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఇంటికి పోదాం సుధా అన్నారు. వెళ్లేది ఇంటికే కదండీ అన్నాను. వినలేదు. మేడం ఒక్కో వేలూ విడదీసింది. ఆవిడా ఏడుస్తోంది, ఇంకేమంటాను?

జూలై 5, షార్జా
మేడం మెసేజ్ పెట్టింది. డాడీ రోజూ ఇంటికి వెళ్దామంటున్నారట. ఏ ఇల్లు అని అడిగితే నా పేరు చెప్పారట.