చేపల త్రాసు చెప్పిన లెక్క

డులూత్,
అక్టోబర్ 9

ఓడ మీదున్న మా చిట్టితల్లి కిర్‌స్టెన్‌కు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. సరస్సు మీద గాలులు మొదలయ్యాయి, డెక్ మీద తిరిగేటప్పుడు జాగ్రత్త.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. నిన్న చర్చి విందుకి ఓవెన్‌లో వండే బంగాళదుంపల హాట్‌డిష్ చేసుకెళ్లి, ఖాళీ గిన్నెతో గొప్పగా తిరిగొచ్చింది. ఇనుము చెక్కే మన పాత మిల్లింగ్ మెషీన్ని మాత్రం ఇంకా చేత్తోనే తిప్పుతున్నాను. దాన్ని కంప్యూటర్‌తో తిప్పడానికి నువ్వు లెక్కగట్టి ఎంచిన సర్వో మోటార్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, చిక్కల్లా ఆ బ్రహ్మాండంతోనే. మొన్నటి ఉత్తరంలో రాసినట్టే, వాటికి కరెంటు అందించే డ్రైవ్‌లు పెట్టెలో పట్టలేదు. ఒకటి బయటే ఉంచి కలిపితే గ్యారేజీ మొత్తానికి కరెంటు పోయింది. పక్కింటి ఓర్విల్ తొంగిచూసి, "ఏంటయ్యా, మెషీన్ని కంప్యూటర్‌తో నడుపుతావా, ఇల్లు లాక్కుని విస్కాన్సిన్ పోతావా?" అన్నాడు. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

నేనూ నవ్వాను. నీ ఉత్తరం వచ్చాక నవ్వు రాలేదు. "మోటారు లెక్కే తప్పినదాన్ని, ఓడలో రెండో ఇంజనీరు పరీక్షకేం పనికొస్తాను? పేరు వెనక్కి తీసుకుంటున్నా" అని రాశావు. అప్పట్నుంచీ ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను.

చెప్పేస్తున్నాను తల్లీ. నీ లెక్క తప్పలేదు. మెషీన్ని తిప్పే చక్రానికి తాడు చుట్టి, చేపలు తూచే త్రాసుతో లాగి, ఎంత బరువుకి కదులుతుందో చూడమన్నావు. ఇరవై నాలుగు పౌండ్లని రాశాను, నువ్వు దానికి తగ్గ పెద్ద మోటార్లే ఎంచావు. ఆ రోజు మెషీన్ టేబుల్ని కదలకుండా పట్టే లాక్ సగం బిగించే ఉంది! మెషీన్ తుడుస్తుంటే తెలిసింది, అదీ నీ ఉత్తరం రాకముందే. "లాక్ చూసుకున్నాకే చక్రం ముట్టుకో" అని నిన్ను పదేళ్లప్పట్నుంచీ చంపుకుతిన్నవాణ్ణి కదా, సిగ్గేసి ఊరుకున్నాను. ఆ సిగ్గు పోయి నీ మెడకి చుట్టుకుంటుందనుకోలేదు. తప్పు నాది, క్షమించు.

లాక్ వదులు చేసి మళ్లీ లాగాం, ఏడు పౌండ్లు. దాంతో మళ్లీ లెక్కగట్టు. కొట్టువాళ్లు పాతవి తీసుకుని చిన్నవి ఇస్తామన్నారు. నువ్వు ఏ మోటారు అంటే అదే బిగిస్తాను, మారు మాట్లాడను. పేరు మాత్రం వెనక్కి తీసుకోకు.

ఇట్లు,
చెప్పిన మాట తానే మరిచిన
మీ నాన్న

సాక్షి సంతకం: ఏడు పౌండ్లే. లాక్ నేనే వదులు చేశాను, త్రాసూ నేనే చూశాను. పరీక్ష రాయి.
- అమ్మ