రిమ్ము చుట్టూ బుడగలు

తమ్ముడూ శేఖరా, కత్తి కోసం వెతకొద్దు, దాచేశాను. పక్కింటి దూమప్ప మీదికి పోవద్దు. మన బండికి గాలి తీస్తున్నది అతను కాదు.

అమ్మ కాలి ఆపరేషన్‌కు సంతకం పెట్టాలి, ఆసుపత్రికి వెళ్తున్నాను. గంజి మూత పెట్టి ఉంది, తాగు. తర్వాత వెనక చక్రం విప్పి పంక్చర్ షాపుకు తీసుకెళ్లు. సబ్బునీళ్లు పోసి చూశాను. టైరులో మేకు లేదు, రిమ్ము అంచు తుప్పు పట్టి, అక్కడ గాలి పోతూ చుట్టూ బుడగలొస్తున్నాయి. ఆ తుప్పంతా గీకించి, టైరు మళ్లీ ఎక్కించమను.

"దూమప్పను తిట్టకండ్రా, బండి మీంచి పడ్డ నన్ను ఎత్తుకొచ్చింది వాడే. మరి గాలి తీసిందెవడు?" అని నిన్న అమ్మ అడిగింది. అందుకే రాత్రి ఇంటికొచ్చి చక్రం పరీక్షించాను.

బంగుడె చేపల బుట్టలోంచి కారే ఉప్పునీళ్లు రోజూ ఆ చక్రం మీదే పడేవి. మంచినీళ్లతో కడగమని అమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది. నేను కడగలేదు. ఇవాళ ఆమె ముందు నోరు విప్పి చెప్తాను: "అమ్మా, నిన్ను పడేసింది నేనే."